గొంతు టీచర్

మా అక్క దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్లని ఇట్టే పట్టేయొచ్చు. కొత్త మాట పలకాల్సి వస్తే వాళ్ల చెయ్యి దానంతటదే గొంతు మీదికి పోతుంది. అందుకే అక్కకి గొంతు టీచర్ అని పేరు పడింది. మొదట్లో ఎగతాళికే పెట్టారు. ఆవిడ మాత్రం దాన్ని బిరుదులా పుచ్చుకుంది.

ఆమె పద్ధతి ఏమిటంటే, ఇంచుమించు ఒకేలా వినపడే మాటల జంట బోర్డు మీద రాస్తుంది. అడ్వైస్ అంటే సలహా, అడ్వైజ్ అంటే సలహా ఇవ్వడం. బ్రెత్ అంటే ఊపిరి, బ్రీద్ అంటే ఊపిరి తీసుకోవడం. బట్టీ పట్టనివ్వదు. రెండు వేళ్లు గొంతుకి ఆనించి పలకమంటుంది. మొదటి మాట చివర వేళ్లకి ఏమీ తెలియదు, రెండో మాట చివర గొంతు జుమ్మంటుంది. "పేరు చెప్పే మాటకి గొంతు పడుకుంటుంది, పని చెప్పే మాటకి లేస్తుంది" అంటుంది అక్క. అన్ని మాటలకీ ఇదే లెక్క కాదనీ, ఈ జంటలకి మాత్రమేననీ వెంటనే హెచ్చరిస్తుంది. పొద్దస్తమానం మోటార్ల రొదలో బతికే మెకానిక్‌ని, నాకే వచ్చేసింది. పిల్లలకి రాకుండా ఎక్కడికి పోతుంది?

అలాంటి మనిషికి గొంతులోనే గడ్డ లేచింది. ఆపరేషన్ అయ్యాక స్వరం పోయి ఉత్త గాలి మిగిలింది. "తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు" అన్నాడు డాక్టరు. ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. హెడ్మాస్టరు మంచివాడే. "లైబ్రరీ చూసుకోండమ్మా. క్లాసు ఇంకొకరికి ఇద్దాం" అన్నాడు.

"ఒక్క క్లాసు చెప్పనివ్వండి సార్. నా వల్ల కాకపోతే నేనే తప్పుకుంటా" అని అక్క గుసగుసలాడింది. ఆయన సరే అన్నాడు.

ఆ రోజు స్కూటర్ మీద నేనే తీసుకెళ్లి, వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను. హెడ్మాస్టరు వెనక బెంచీలో కూర్చున్నాడు. అక్క అడ్వైస్, అడ్వైజ్ అని రాసి పలికింది. రెండూ ఒక్కలాగే వచ్చాయి. గుసగుసలో గొంతు లేవదు మరి. మళ్లీ పలికింది. మెడ నరాలు తేలాయి గానీ, వచ్చింది అదే గాలి. పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. నాకు లోపలికెళ్లి, "రా అక్కా, ఇంటికి పోదాం" అనాలనిపించింది.

అక్క సుద్దముక్క కింద పెట్టింది. ముందు బెంచీలో పిల్లని లేపి, ఆ పిల్ల వేళ్లు ఆ పిల్ల గొంతు మీదే ఆనించి, బోర్డు వైపు చూపించింది. పిల్ల పలికింది. తర్వాత సైగలతో క్లాసుని జంటలు చేసి, ఒకరి గొంతు మీద ఒకరిని వేళ్లు పెట్టమంది. గది కందిరీగల తుట్టెలా జుమ్మంది. అక్క బెంచీ బెంచీకీ తిరుగుతూ, తన వేళ్లు ఆనించి చూసి, తప్పయితే తల అడ్డంగా ఊపింది. చివరి బెంచీలో ఒక పొడుగుపిల్లకి ఎంతసేపటికీ గొంతు లేవలేదు. అక్క కదల్లేదు. ఆ పిల్ల చెమటలు కక్కుతూ పలికీ పలికీ చివరికి "బ్రీద్!" అని ఖంగుమనిపించింది. అక్క మొహం వెలిగిపోయింది.

హెడ్మాస్టరు లేచాడు. ఆయన వేళ్లు కూడా ఆయన గొంతు మీదే ఉన్నాయి. "ఇంకొకరెందుకమ్మా! ఈ క్లాసు మీదే" అన్నాడు. గర్వంతో నాకు నోట మాట రాలేదు. ఆ పూటకి మా ఇంట్లో ఇద్దరికీ మాట పడిపోయిందన్నమాట.

అక్క స్వరం ఇప్పటికీ రాలేదు. ఇక వస్తుందని మేం ఎదురుచూడడం కూడా మానేశాం. మొన్న అక్కని తీసుకురావడానికి బడికి వెళ్తే, గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ ఆపాడు.

"ఎవరి కోసం సార్?"

"మా అక్క కోసం. ఇక్కడ టీచరు."

"ఏ టీచరు?"

అప్పుడే మేడ మీద క్లాసు క్లాసంతా ఒక్కపెట్టున "అడ్వైజ్!" అంది.

"అదుగో," అన్నాను, "అదే మా అక్క గొంతు."