మాస్టారు పాఠం మానలేదు

అనారోగ్యం వల్ల మాస్టారు ఆదివారం పాఠాలు విరమించుకున్నారని మా పేట పఠనమందిరం కమిటీ సంతాప తీర్మానంలో రాసింది. అది అబద్ధం. ఆయన విరమించుకోలేదు. కమిటీ మాన్పించింది. మాన్పించడానికి మా చేత సంతకాలు పెట్టించుకుంది. నేనూ పెట్టాను.

ఆయన పోయిన సంగతి నాకు ఆ తీర్మానం వల్లే తెలిసింది. నేను తెనాలిలో ఒక ప్రెస్సులో కంపోజిటర్ని. దాన్ని కరపత్రంగా వెయ్యమని కాగితం ఇచ్చారు. ఒక్కో అక్షరం ఏరి పేరుస్తూ పోతుంటే మొదటి లైన్లో 'బాపట్లలో కన్నుమూసిన' అని వచ్చింది. ఎవరో అనుకున్నాను. రెండో లైన్లో మాస్టారు. నాలుగో లైన్లో అనారోగ్యం. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

"ఏంట్రా, నిద్రొచ్చిందా?" అన్నాడు ఓనరు.

"ఇది తప్పండి."

"తప్పులు ప్రూఫులో చూసుకుందాం. ముందు కానియ్."

నేను కానివ్వలేదు. పక్కవాడు కానిచ్చాడు. ఆ వారమంతా నన్ను బైండింగులో కూర్చోబెట్టారు. కరపత్రం ఊరంతా పంచారు. అది చదివినవాళ్ళు ఇదీ చదవాలి.

మాస్టారు హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. అంగలకుదురు నుంచి సైకిలు మీద వచ్చేవారు, ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి. బడి చదువు సగంలో ఆపేసినవాళ్ళం, అసలు లేనివాళ్ళం ఆయన ముందు చాప మీద కూర్చునేవాళ్ళం. నేను అయిదో తరగతితో ఆపాను. అచ్చక్షరాలు గుర్తుపట్టడం వచ్చు గాని నాలుగు వాక్యాలు సొంతంగా రాయడం రాదు. అది నేర్పింది ఆయనే. చేతిలో ఎప్పుడూ వేయించిన శనగల పొట్లం. శనగలు అయిపోయాక ఆ పొట్లం విప్పి, అందులో ఉన్న పాత వార్త మొత్తం చదివితే గాని పారేసేవారు కాదు.

ఆయన చెప్పింది యూరప్ సంగతి. మొదటి యుద్ధం అయ్యాక, రెండోది మొదలయ్యేలోపు, అక్కడ నియంతలు ఎలా లేచారన్నది. విచిత్రం ఏమిటంటే, ఆ నియంతల పేర్లు ఆయన నోటి వెంట ఒక్కసారి కూడా రాలేదు. 'ఇటలీ ఆయన', 'జర్మనీ ఆయన'. అంతే.

రైసుమిల్లులో బస్తాలు మోసే ఒకడు, మేమంతా మిల్లు అన్న అని పిలిచేవాడు, ఉండబట్టలేక అడిగాడు. "ఏంటండీ మాస్టారూ, పెళ్ళాం మొగుడి పేరు చెప్పనట్టు!"

మాస్టారికి శనగ గొంతులో అడ్డం పడేంత నవ్వొచ్చింది. నీళ్ళు తాగి, అన్నారు: "పేరు చెప్తే మీరు వాణ్ణే చూస్తారు నాయనా. వాడికి కుర్చీ వేసినవాళ్ళని చూడరు."

ఆయన పాఠమంతా ఆ కుర్చీ వేసినవాళ్ళ గురించే. యుద్ధం నుంచి తిరిగొచ్చి పని దొరకని సిపాయిలు. కూలీలు సమ్మె చేస్తే భయపడి రౌడీలకి లారీలిచ్చిన భూస్వాములు. కాదనగలిగి కూడా పిలిచి పదవి కట్టబెట్టిన ఇటలీ రాజు. జర్మనీలో అయితే, వీణ్ణి కొన్నాళ్ళు వాడుకుని పక్కన పెట్టేద్దాంలే అనుకున్న పెద్దమనుషులు. "వాళ్ళే ముందు పక్కకి పోయారు" అనేవారు.

ఇటలీ ఆయన మనుషులు, నల్లచొక్కాల వాళ్ళు, ఎదిరించినవాళ్ళని పట్టుకుని బలవంతాన ఆముదం తాగించేవాళ్ళని చెప్పినప్పుడు మేం పగలబడి నవ్వాం. ఆయన నవ్వలేదు.

"నవ్వండి. అక్కడా ముందు నవ్వే ఊరుకున్నారు. తాగినవాళ్ళలో కొందరు చచ్చిపోయారు."

ఎవరి పని వాళ్ళకి తగిలేలా ప్రశ్న అడగడం ఆయన పద్ధతి. ఒకసారి నా వంక తిరిగారు. "కార్మికుల పత్రిక అచ్చేసే ప్రెస్సుని తగలబెట్టారు. మర్నాడు పక్క వీధి ప్రెస్సులో కంపోజిటరు పనికొచ్చాడా, రాలేదా?"

"వచ్చుంటాడండి."

"ఎందుకు?"

"తగలబడింది వాడి ప్రెస్సు కాదు గదండి."

"ఇవాళ్టికి పాఠం అయిపోయింది" అని లేచారు. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఒళ్ళు మండింది కూడా. పొద్దున్నే పనికి పోకపోతే ఈయన పెడతాడా తిండి, అనుకున్నాను.

ఎమర్జెన్సీ వచ్చింది. మందిరం బయట టీకొట్టు దగ్గర ఎవరో మెచ్చుకోలుగా, "ఇప్పుడు రైళ్ళు టైముకొస్తున్నాయండి మాస్టారూ" అన్నారు. ఆయన గొంతు తగ్గించలేదు. "ఇటలీలోనూ ఇలాగే చెప్పుకున్నారండి. రేపల్లె బండి టైముకి రావాలంటే డ్రైవరు, గార్డు సరిగ్గా పనిచేస్తే చాలు. జనం నోరు మూయించక్కర్లేదు."

ఆ మాట కమిటీ దాకా పోయింది. ఆ వారంలోనే కార్యదర్శి కాగితం పట్టుకుని మా దగ్గరికొచ్చాడు. చరిత్ర పాఠాలు మాకు అవసరం లేదని, వాటిని ఆపమని మేమే కోరుతున్నామని అందులో ఉంది.

"ఒక్క సంతకం తమ్ముడూ. ఆయన మంచి కోసమే. లేకపోతే ముసలాయన్ని లోపలేస్తారు. నీ ఉద్యోగం కూడా చూసుకోవాలి గదా."

పెట్టాను. అందరం పెట్టాం. మిల్లు అన్న వేలిముద్ర వేశాడు.

ఆదివారం మాస్టారు వచ్చారు. కార్యదర్శి గుమ్మంలోనే కాగితం చూపించాడు. మేం లోపల పేపర్లు చదువుతున్నట్టు తలలు దించుకున్నాం. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో సంతకం మీద వేలు పెట్టి చదివారు. నా దగ్గర ఆగారు.

"నీ రాత బాగుపడింది బాబూ" అన్నారు.

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే సంతోషంగా అన్నారు. అదే ఇప్పటికీ నన్ను తినేస్తోంది. తిట్టి ఉంటే తిరిగి నాలుగు అనేసి మర్చిపోయేవాణ్ణి.

అనారోగ్యం అన్నారే, వినండి. ఆ తరవాత ఆదివారం నుంచి మాస్టారు తెనాలిలో రేపల్లె బండెక్కేవారు. బోగీలో పాఠం చెప్పేవారు. తిరుగు బండిలో మిగతాది చెప్పేవారు. వినేది ఒక్కోసారి ఇద్దరే, ఒక్కోసారి మిల్లు అన్న ఒక్కడే. వేలిముద్ర వేసిన వాడికి ఉన్న ధైర్యం సంతకం నేర్చిన నాకు లేకపోయింది. నేను వెళ్ళేసరికి నెలలు గడిచాయి. ఆయన పక్కనున్న తువ్వాలు తీసి చోటిచ్చారు.

"ఎక్కడ ఆపామో గుర్తుందా?"

"జర్మనీలో ముసలి అధ్యక్షుడి దగ్గరండి."

"ఆయన దగ్గర కాదు. ఆయన చెవిలో సలహా ఊదినవాళ్ళ దగ్గర."

నేను సంతకం సంగతి ఎత్తాను. ఆయన కిటికీ లోంచి పొలాలు చూస్తూ అన్నారు: "అది చెరిపెయ్యలేవు బాబూ. ఇంకో కాగితం మీద ఇంకోటి పెట్టగలవు. ఎప్పుడన్నది నువ్వే చూసుకో."

రేపల్లెలో దిగి, తిరుగు బండి వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాం. ఎండలో, చెంపల మీద చెమట కారుతుండగా, తెలియని పోర్టరు ఒకడికి ఆ రాజు సంగతి మొదటి నుంచీ చెప్తున్నారు. వాడు బుట్ట నెత్తి మీదే ఉంచుకుని వింటున్నాడు. ఆ మనిషి మానేశాడంటారా?

ఎమర్జెన్సీ పోయింది. కమిటీ అదే కమిటీ. ఒక్కళ్ళు కూడా వెళ్ళి మాస్టారిని మళ్ళీ రమ్మనలేదు. వయసు మీదపడి ఆయన తమ్ముడి ఇంటికి బాపట్ల వెళ్ళిపోయారు. పోయాక మాత్రం దండ వేశారు, తీర్మానం చేశారు.

కమిటీకి చెప్తున్నాను. ఆ కరపత్రం తప్పని ఒప్పుకుంటూ ఇంకోటి వెయ్యండి. ఆ రోజు మా చేత పెట్టించుకున్న సంతకాల కాగితం బీరువాలోంచి తీసి మందిరం గోడకి అంటించండి, నా పేరుతో సహా. ఎవరు పాఠం ఆపించారో ఊరు చదువుకోవాలి. కొత్త కరపత్రం నేనే కంపోజు చేస్తాను, కూలి అక్కర్లేదు. వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటి దాకా చూస్తాను. మందిరం మెట్ల మీద కూర్చుని ఉంటాను. నోటిమాట వద్దు. జవాబు కాగితం మీద ఇవ్వండి, కింద మీ సంతకాలు పెట్టి.