శుక్రవారం నాటి గాలి

ఆ రోజుల్లో ఉల్లిగడ్డ నాకు కూరలోకి కాదు, కొలువులోకి పనికొచ్చేది. చదువు అయిన కొత్తలో నిజామాబాద్‌లో మా మేడం దగ్గర సహాయకుడిగా చేరాను. బండ్ల పొగ, చెత్త మంటల పొగ కలిసిన గాలిదుమ్ము జన్యువులకు ఎంత చేటు చేస్తుందో తేల్చడం ఆవిడ పని. మేడం అద్దెకున్న ఇంటి డాబా మీది మిషన్ గాలిని పీల్చి, దుమ్మును తెల్లకాగితం మీద పట్టేది. ఆ దుమ్ము కలిపిన నీళ్లలో ఉల్లిగడ్డలకు వేర్లు మొలిపించి, వాటి కణాల్లో జన్యుపోగులు, అదే క్రోమోజోములు, తెగాయేమోనని నేను సూక్ష్మదర్శినిలో చూసేవాణ్ణి. (ఇంట్లోవాళ్లు మాత్రం "మావోడు ఉల్లిగడ్డల దుక్నంల కుదిరిండు" అని చెప్పుకునేవారు.)

వచ్చిన చిక్కల్లా శుక్రవారంతోనే. ఆ రోజు కాగితం మరీ నల్లగా వచ్చేది, వేర్లలో తెగిన పోగులూ ఎక్కువే. కారణం తేలకపోతే మేడం చలికాలపు శ్రమంతా బుట్టదాఖలు, దాంతోపాటు నా కొలువూ. బోధన్ వైపు రైతులు వారానికోసారి చెరుకాకు కాలుస్తున్నారని నేనే తీర్మానించేసి, మేడం వద్దంటున్నా వినకుండా ఓ శుక్రవారం రెంజల్ బస్సెక్కాను. అక్కడొక రైతు నన్ను ఎగాదిగా చూసి, "శుక్కురారం పూట చేన్ల అగ్గివెడ్తమా సారూ? లచ్చిమి పోదా?" అన్నాడు. వచ్చిన దారినే తిరుగు బస్సెక్కాను.

దీపాలవేళకు డాబా ఎక్కేసరికి దొంగ దొరికింది. ఇంటి యజమానురాలు, మేమందరం అవ్వ అని పిలిచే పెద్దావిడ, మిషన్‌కు పసుపు కుంకుమ పెట్టి, సరిగ్గా దాని మూతి దగ్గర గుప్పుగుప్పున ఊదు పొగ వేస్తోంది!

"అయ్యో అవ్వా! ఏం జేస్తున్నవ్?"

"గా మేడం పిల్ల గింత కష్టపడవట్టె. మిషన్‌కు దిష్టి తాకదా బిడ్డా? ప్రతి శుక్కురారం ఏస్తనే ఉన్న."

భయం భయంగా మేడంకు చెప్పాను. ఇంకొకరైతే ఇల్లు పీకి పందిరేసేవారు. ఆవిడ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఎంత మంచి మనిషో! "ఆ కాగితాలు పారెయ్యకు, వేరే కట్టు. దేవుడి పొగైనా లారీ పొగైనా ఉల్లిగడ్డకు ఒకటేనని తెలిసిందిగా" అని, అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని అంతా వివరంగా చెప్పింది.

అవ్వ ఊదుగిన్నె కింద పెట్టి, నా ఉల్లిగడ్డల వైపు చూసింది. "గింత పొగకే గడ్డకు గట్లయితే, పెండ్లయినకాన్నుంచి కట్టెల పొయ్యి ఊదిన, నా లోపలేమైందో సూశేటోడెవడు బిడ్డా?"

నా నవ్వు ఆగిపోయింది. మేడం అవ్వ చెయ్యి పట్టుకుంది. మరుసటి ఏడు మా మిషన్ డాబా దిగి వంటిళ్లలోకి వెళ్లింది. "మొదాలు నా పొయ్యికాడ వెట్టుండ్రి" అని పట్టుబట్టింది అవ్వే. చుట్టుపక్కల ఆడవాళ్లందరినీ ఒప్పించిందీ ఆవిడే.

ఇప్పటికీ ఊదు వాసన తగిలితే లేచి కిటికీ తెరుస్తాను. మా ఆవిడ విసుక్కుంటుంది. రెంజల్ బస్సులో నేరస్థుణ్ణి పట్టుకోబోయేవాడిలా మీసం దువ్వుకుంటూ కూర్చున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. అవ్వ అడిగిన మాట గుర్తొస్తే మాత్రం కిటికీ రెక్క ఇంకాస్త బార్లా తీస్తాను.