ఖాళీగా వేయని కాగితం

"అంకుల్ పోయారమ్మా. కాఫీ అడిగారు, కలిపి తెచ్చేలోగా..." అని ఆంటీ ఫోన్ చేసేటప్పటికి నేను ఆఫీసులో ఉన్నాను. ఆంగ్ మో కియో పేటలో మా ఎదురు ఫ్లాట్ అంకుల్. కంప్యూటర్ ఉద్యోగానికని సింగపూర్ వచ్చిన కొత్తలో నాతో తెలుగు మాట్లాడిన మొదటి పెద్దమనిషి. మలయా రబ్బరు తోటలో పుట్టి, ఇక్కడి బ్రిటిష్ నౌకా స్థావరంలో గుమాస్తాగా పనిచేశారు.

నాకు ప్రశ్నలెక్కువ. "తెల్లవాళ్ల పాలన జనానికి ఇష్టమేనా అంకుల్?" అంటే, "ఏ రోజు సంగతమ్మా?" అనేవారు. జీతం రోజు దొర మంచివాడే. జపాన్ సైన్యానికి దొరలు లొంగిపోయిన రోజు మాత్రం వాళ్లమీద భయమూ నమ్మకమూ రెండూ పోయాయట. కబుర్లలో పడి, కాఫీలో ముంచిన బిస్కెట్ విరిగి పడేదాకా మరిచిపోయేవారు.

సింగపూర్ మలయాతో కలిసే విషయమై అరవై రెండులో జరిగిన ఓటింగు గురించి అడిగితే మాత్రం మాట మార్చేవారు. "సుదా లా, అయిపోయిందిగా" అనేవారు, సగం మలయ్‌లో. నేను వదల్లేదు. ఒక ఆదివారం చెప్పారు.

కలవాలా వద్దా అని అడగలేదట. ఎలా కలవాలన్నదే ప్రశ్న. నచ్చనివాళ్లు ఖాళీ కాగితం వేయాలని అంకుల్, స్థావరంలో తోటి గుమాస్తా అయిన మలయ్ స్నేహితుడు ఇంటింటికీ తిరిగి చెప్పారు. తీరా లోపలికెళ్లాక అంకుల్‌కి అవతల మలయాలో, జొహోర్‌లో ఉన్న అన్న గుర్తొచ్చాడు. మధ్యలో సరిహద్దు ఎందుకనిపించి, కలవడానికే గుర్తు పెట్టేశారు. కలిసిన కొన్నాళ్లకే రెండూ విడిపోయాయి. అన్న అవతలే ఉండిపోయాడు.

"జనం ఏమనుకున్నారని అడుగుతావు. నేనొక్కణ్ణే రెండు అనుకున్నానమ్మా."

"మీ స్నేహితుడికి తెలుసా?"

"ముప్పై ఏళ్లకు పైగా ప్రతి ఆదివారం కలిసి కాఫీ తాగుతున్నాం. చెప్పలేదు."

"ఇప్పుడైనా చెప్పండి" అన్నాను, నాదేం పోయిందన్నట్టు.

చెప్పారు. స్నేహితుడు కప్పు కింద పెట్టి లేచి వెళ్లిపోయాడట. రెండు ఆదివారాలు రాలేదు. అంకుల్ ఒక్కరే వెళ్లి, రెండు కాఫీలు చెప్పి, ఒకటి అలాగే వదిలేసి వచ్చేవారు. అనవసరంగా అడిగానని ఆ రోజుల్లో ఎంత బాధపడ్డానో. మూడో ఆదివారం స్నేహితుడు వచ్చి ఎదురుగా కూర్చుని అడిగిన మొదటి మాట: "మీ అన్న ఎలా ఉన్నాడు?"

నేను చేరేసరికి అంకుల్‌ని మా బ్లాకు కింది ఖాళీ అంతస్తులో పడుకోబెట్టారు. సాయంత్రానికి జొహోర్ నుంచి అన్నగారు వచ్చారు. తొంభైకి దగ్గర వయసు, సరిగ్గా వినపడదు. ఆ మలయ్ స్నేహితుడు పక్కనే కుర్చీ లాక్కుని, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, ఒక్కో మాటా విడదీసి ఆ ఓటు సంగతి చెబుతున్నాడు. అన్నగారు అతని చెయ్యి వదలకుండా, తలూపుతూ వింటున్నారు.