మా మనవరాలు పోటీల బస్సెక్కిన వైనం

ఇరవై ఒక్క రోజులు వరసగా బట్ట తడపకుండా బడికి వెళ్ళిరావడం మా మనవరాలు సాధించిన మొదటి ఘనకార్యం. వంద మీటర్ల పరుగులో బడికంతటికీ ఫస్టు రావడం, పెద్ద పోటీలకు ఎంపిక కావడం ఆ తరవాతి మాట. మా వంశంలో మెడలో పతకం పడ్డది దానికొక్కదానికే. నేను ఊరి బడిలో ఐదు దాకా చదివినవాణ్ణి, ఉన్నదున్నట్టే రాస్తాను.

ఏడేళ్ళు నిండినా తరగతిలో కూర్చున్న చోటే తడిసిపోయేది. ఒక్కోసారి బట్టకు మలం కూడా అంటేది. తోటిపిల్లలు "కుళాయి" అని పేరెట్టారు. లేచి వెళ్ళడానికి ఒళ్ళు బద్ధకమని మా కోడలు కసిరేది. నేను చేసింది ఇంకా ఘోరం. నీళ్ళు మాన్పిస్తే మూత్రం ఆగుతుందని రోజూ పుస్తకాల సంచీలోంచి నీళ్ళ సీసా తీసేసేవాణ్ణి. దాంతో మలం రాయిలా గట్టిపడింది. నాలుగు రోజులకోసారి, అదీ ఏడుస్తూ.

పిల్లల డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది. "తాతగారూ, పేగు నిండిపోయి మూత్రాశయాన్ని నొక్కేస్తోంది. రెండూ ఒకే చిక్కు. పిల్ల కావాలని చెయ్యట్లేదు. నీళ్ళు బాగా తాగించండి."

"నా సీసా తాతే దాచేస్తాడు డాక్టరమ్మా!" అని పిల్ల ఠక్కున చాడీ చెప్పింది. నేను తలెత్తితే ఒట్టు.

మందు, నీళ్ళు, తిన్నాక కాళ్ళకింద పీట వేసుకుని కమోడ్ మీద పది నిమిషాలు, వచ్చినా రాకున్నా రెండు గంటలకోసారి మూత్రానికి. ఏడాది పట్టింది. నడుమ నయమైందనుకుని మందు మానేసి మళ్ళీ మొదటికొచ్చాం కూడా.

పదమూడో తేదీ పొద్దున పోటీల బస్సు. ఆరు గంటల దారి. డ్రిల్లు మాస్టారు మెట్టు మీద నిలబడి, "దారిలో ఎక్కడా ఆపం, ఇప్పుడే వెళ్ళొచ్చేయండి!" అని కేకేశాడు. పిల్ల మోకాళ్ళు దగ్గరికి బిగించింది. అలా బిగించిందంటే మాకు భయం.

"పంపొద్దు మామయ్యా. అందరి ముందూ తడిస్తే మళ్ళీ బడి మొహం చూడదు," అంది కోడలు.

పిల్ల మాస్టారి ముందుకెళ్ళి డాక్టరు చీటీ చాచింది. "రెండు గంటలకోసారి బస్సు ఆపాలి సార్. ఆపకపోతే నేను రాను."

"కుళాయి!" అన్నదొక గొంతు వెనక సీట్లోంచి. బస్సంతా నవ్వు.

అది అటు తిరిగింది. "అవునే. దమ్ముంటే నాకన్నా ముందు గీత దాటు."

మాస్టారు చీటీ ఎంతసేపు చదివాడో! ఇంతలో డ్రైవరు, "నాకు షుగరుంది సార్. రెండు గంటలా? నేను గంటన్నరకే ఆపుతాను," అన్నాడు.

మాస్టారు పక్కకు జరిగి దారిచ్చాడు. కోడలు నీళ్ళ సీసా నిండా నింపి చేతికిచ్చింది.

మధ్యాహ్నం ఫోనొచ్చింది, పొడిగానే దిగింది. అయినా పరాయిచోట పది రోజులు, గండం గడిచిందని అనలేను. ఇరవై మూడో తేదీ గురువారం తిరిగొస్తుంది.