ఆరు కోళ్లకు కట్టిన గూడు

పోయిన ఎండాకాలం ఒక్క మధ్యాహ్నంలో నాలుగు కోళ్లు చచ్చిపోయినాయి. చంపింది నేనే.

మాది కేజీఎఫ్‌లో బంగారు గని పనోళ్లకు కట్టిన పాత లైను ఇల్లు. ఎదురుగా బంగారం తీసినాక పారబోసిన మట్టి, సైనైడ్ దిబ్బ. గాలి లేస్తే ఆ దుమ్ము అన్నం గిన్నెలో కూడా పడుతుంది. అందుకే ఇక్కడి ఆడవాళ్లం గాలి లేచిందంటే తలుపు, కిటికీ, సందు ఏదున్నా మూసేస్తాం. కోళ్ల గూటికీ అదే చేసినాను. పైన రేకు, చుట్టూ గోనెపట్టాలు. సాయంత్రం పట్టా ఎత్తితే నాలుగు కోళ్లు నోళ్లు తెరుచుకొని పడి ఉన్నాయి. మిగిలిన ఆరూ కళ్లు తేలేసినాయి. వాటికి నీళ్లు తాపి బతికించుకున్నాను.

నా మొగుడు గనిలో కప్పు కూలకుండా కొయ్యలు నిలబెట్టే పని చేసినవాడు. వచ్చి చూసి, "దుమ్ముకు దగ్గు వస్తాది. గాలి లేకుంటే పానమే పోతాది. లోపల మేము యాట్ల బతికినామనుకుంటివి? గనిలోకి తవ్విన ఒక బావిలో గాలి దిగితే, ఇంగో బావిలో వేడి ఎక్కిపోతా ఉండె" అన్నాడు.

ఈ ఏడు ఎండలు ముదరకముందే కొత్త గూడు మొదలుపెట్టినాడు. రాళ్ల మీద మోకాలెత్తున నేల. దిబ్బ వైపు సందు లేని ఇటుక గోడ. వేపచెట్టు వైపు కింద జానెడు జాలీ, దానికెదురు గోడలో పైన, రేకు కింద ఇంకో జానెడు జాలీ. రేకు మీద కొబ్బరి మట్టలు, అవి గాలికి లేవకుండా వాటిమీద బిగించిన కమ్మి. ఆయన కోసిచ్చిన చెక్కల్లో ఏది యాడిదో సుద్దతో రాసే పని నాది. అరవై దాటినాక నేర్చుకున్న అక్షరాలు అప్పుడు పనికొచ్చినాయి.

పక్కింటామె గోడ మీద నుంచి, "ఏమక్కా, కోళ్లను బంగారం తవ్వను దించుతారా?" అని నవ్వింది.

"నువ్వు గుడ్లకు రా, అప్పుడు చెప్తా" అన్నాను. లోపల మాత్రం నాకూ గుబులే. ఎండకు బతికినా, ఆ సందుల్లో వాన కొడితే? చూరు ఇంకొంచెం దించమంటే ఆయన వినలేదు.

ఎండ ముదిరినాక ఒక మధ్యాహ్నం పై జాలీ దగ్గర చెయ్యి పెట్టినాను. పొయ్యి మీది సెగ మాదిరి వేడి బయటికి పోతా ఉంది. లోపల కోళ్లు రెక్కలు ముడుచుకొని కునుకుతున్నాయి.

ఆ వారమే సాయంత్రం మబ్బు నల్లగా కమ్మింది. కోళ్లు వాటంతట అవే గూట్లోకి దూరినాయి. ఇంతలో వడగళ్లు. ఎవరిదో రేకు ఎగిరి వీధిలో దొర్లింది. నేను వాకిట్లోకి ఉరకబోతే మా ఆయన రెక్క పట్టుకున్నాడు.

"తల పగులుతాదే. నిలబడు."

"చూరు చాలదంటే విన్నావా నువ్వు? ఉండేది ఆరే కదప్పా!"

ఆయన నా రెక్క మాత్రం వదల్లేదు.

వాన తగ్గగానే పోయి తలుపు తీసినాను. జాలీ పక్కన నేల కొంచెం తడిసింది, అంతే. ఒక్కొక్కటే దిగినాయి, ఆరూ. వాకిలంతా తెల్లగా పరుచుకున్న వడగళ్లను చూసి నూకలనుకున్నాయేమో, పొడిచి, చల్లదనానికి తల విదిలించి, మళ్లీ పొడిచినాయి. నేను ఆ బురదలోనే కూలబడి నవ్వినాను.