వీపు చూపించే ఎలుతేరియో

ఎలుతేరియో బార్రియెంతోస్ అకార్డియన్ భుజానికి తగిలించుకున్నాడంటే జనానికి వీపు చూపించేవాడు. పాట అయ్యేదాకా ఇటు తిరిగేవాడు కాదు. ఎదురుగా, గోడవారగా, తమ్ముడు నికనోర్ బాహో సెక్స్తో అనే పన్నెండు తీగల గిటారు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. అన్న వీపు బీరువా అంత. దాని వెనక తమ్ముడున్న సంగతి తీగలు మోగితేనే తెలిసేది.

రాబ్స్‌టౌన్ చుట్టుపక్కల పత్తి ఊళ్ళన్నిట్లో వీళ్ళ పోల్కా డాన్సు పాటలకి గిరాకీ. ఎలుతేరియో మొహం మాత్రం ఎవరికీ తెలీదు. ఓ పెళ్ళిలో పెళ్ళికూతురి మేనత్త అతన్ని భోజనాల దగ్గర ఆపేసి, ముందు వాయించేవాళ్ళు తినాలి, తర్వాతే నువ్వు అంది. అతను చిన్నబుచ్చుకోలేదు. వెనక్కి తిరిగి నిలబడ్డాడు. మేనత్త వెంటనే గుర్తుపట్టి పళ్ళెం నింపింది.

ఎందుకిలా అంటే రోజుకో కారణం. చొక్కా వెనకవైపే ఇస్త్రీ అయిందనేవాడు. ఆడేది కాళ్ళతో కదా, నా మొహంతో వాళ్ళకేం పని అనేవాడు. కాన్హుంతో అనే మా అకార్డియన్ మేళాల్లోకి డ్రమ్ములు కొత్తగా వస్తున్న రోజుల్లో నేను డ్రమ్మరుగా వాళ్ళతో చేరాను. నాకూ ఈ కారణాలే చెప్పాడు.

ఓ శనివారం కార్పస్ క్రిస్టీలో పెద్ద హాల్లో వాయించాలి. హాలు యజమాని దోన్ ప్రోకోపియో ఖరాఖండీగా చెప్పేశాడు.

"జనం టిక్కెట్టు కొన్నది నీ వీపు చూడ్డానికి కాదయ్యా. ఇటు తిరుగు, లేదా ఇంటికెళ్ళు."

ఎలుతేరియో బతిమాలినా లాభం లేకపోయింది. చివరికి నికనోరే, పర్లేదన్నా, తిరుగు అన్నాడు.

తిరిగాడు. జనం ఈలలేశారు. పాట సగం కాకుండానే బాహో ఆగిపోయింది. చూద్దును కదా, నికనోర్ మొహంలో నెత్తురుచుక్క లేదు. వేళ్ళు తీగల మీదే బిగుసుకుపోయాయి. కళ్ళు ఆ వందల మొహాల మీద ఉన్నాయి.

ఎలుతేరియో యజమాని వంక కూడా చూడకుండా గిర్రున తిరిగాడు. తమ్ముడి మోకాళ్ళు తగిలేంత దగ్గరగా నిలబడి, వాయిస్తూనే మెల్లగా అన్నాడు:

"నన్నే చూడరా నికో. వంటింట్లో ఉన్నాం. అమ్మ తోర్తియాలు కాలుస్తోంది. మనమే, ఇంకెవరూ లేరు."

కాసేపటికి తీగలు మోగాయి. జనం మళ్ళీ ఆటలో పడ్డారు. దోన్ ప్రోకోపియో గొణుక్కుంటూ తలుపు దగ్గరికి పోయాడు.

మరుసటి శనివారం నా డ్రమ్ములు రెండడుగులు ఎడమకి జరిపి వేసుకున్నాను. అటుపక్క నికనోర్‌కి జనం కనిపించే సందు కాస్త ఉండేది.

ఎలుతేరియో నన్నూ డ్రమ్ములనీ ఎగాదిగా చూశాడు.

"ఇన్నాళ్ళకి నీకు కూర్చోవడం వచ్చింది," అన్నాడు.