తరిమిన తాళం

భజనలో వాయించే ఒక జత ఇత్తడి తాళాలు అరచేతిలో ఇమిడిపోతాయి. చంటిపిల్లాడైనా ఎత్తగలడు. వాటి బరువే నేను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. మీతో చెబుతున్నాను గాని, నమ్ముతారో లేదో తెలీదు. నౌపడ స్టేషన్ బయట నా టీకొట్టు దగ్గర ఆగినవాళ్ళని అడగండి, నేను చెప్పేవన్నీ కోతలే అంటారు. ఉప్పుమడి గట్టు మీద ఓ మధ్యాహ్నం నిద్రపోయి లేచేసరికి మా తాత మీసం తెల్లబడిపోయిందని చెప్పి, ఊరూరినీ నమ్మించినవాణ్ణి. ఇందులో మాత్రం ఏదీ కలపలేదు. కలపకుండా చెప్పడం ఎంత కష్టమో ఇప్పుడే తెలుస్తోంది.

తవిటయ్య మా మేనమామ కొడుకు. నాకు అతను బావ, అతనికి నేను బావ. ఉద్దానంలో మా ఊరి భజన బృందంలో ఇద్దరం ఒకేరోజు డోలక్ ముందు కూర్చున్నాం. నా వేళ్ళు కొబ్బరి మట్టల్లా పడేవి. కొన్నాళ్ళు చూసి గురువుగారు నా చేతిలో తాళాలు పెట్టారు. డోలక్ అతనికి మిగిలింది.

ఆ చేతుల జోరు మీరు చూడలేదు. దాన్ని అతను ఎలా సంపాదించాడో నేను చూశాను. గోనెసంచిలో కొబ్బరిపీచు కుక్కి దాని మీద సాధన చేసేవాడు. తోలైతే వేలిని పైకి విసురుతుంది. పీచు విసరదు, పడిన వేలిని మనమే లేపుకోవాలి. మోచెయ్యి కదలకూడదని చంకలో జీడాకు పెట్టుకునేవాడు. ఆకు జారిందా, మళ్ళీ మొదటి నుంచి. అదీ నెమ్మదిగా, చూసేవాడికి నిద్రొచ్చేంత నెమ్మదిగా. జోరంటే బలం కాదనేవాడు. చెయ్యి బిగిసిందంటే జోరు చచ్చిందనేవాడు. అలా ఏళ్ళు గడిచాక సంచి వదిలి తోలు మీద చెయ్యేస్తే, వేళ్ళు కనిపించేవి కావు. రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టుండేది. అయినా ఏ దెబ్బకా దెబ్బ విడిగా వినిపించేది.

కోటబొమ్మాళి దగ్గర ఒక ఊళ్ళో అమ్మవారి సంబరానికి భజన పోటీలు పెట్టారు. విశాఖపట్నం నుంచి పెద్ద బృందం నడిపే ఆయనొకరు వస్తున్నారనీ, డోలక్‌కి మనిషిని వెతుక్కుంటున్నారనీ తెలిసింది. ఆ మధ్యాహ్నం షామియానా వెనక తవిటయ్య వేళ్ళు విదిలించుకుంటూ నా పక్కన కూర్చున్నాడు.

“బావ, జోరందుకున్నాక నాకేటీ తెలీదు. నీ తాళమే నాకు కళ్ళెం,” అన్నాడు.

“గుర్రానివేటి నువ్వు, కళ్ళేనికి?” అన్నాను.

“గుర్రం కాదు, బెదిరిన దున్న. నువ్వు నిలబెడితే నానాగుతాను. నువ్వు తరిమితే సచ్చినా ఆగలేను.”

నవ్వుకున్నాం. అతను నా మీద నమ్మకంతో అన్న మాట అది. నేను దాన్ని కిటుకుగా దాచుకున్నానా? అప్పుడే దాచుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

పాట మొదలైంది. ముందు వరసలోంచి ఆ పట్నం ఆయన నా వైపు చెయ్యి ఊపాడు. నా తాళం నచ్చిందనుకుని తల వంచాను. కాదు. కాస్త పక్కకి జరగమంటున్నాడు. తవిటయ్య చేతులు కనబడటం లేదట.

జరిగాను. అంతే. ఇంత చిన్న విషయం.

చివరి చరణం జోరందుకుంది. మేం ఎప్పుడూ తాళం నిలబెట్టే చోటికి వచ్చాం. నేను నిలబెట్టలేదు. తాళాన్ని ముందుకి ఇసుమంత తోశాను. అతను అందుకున్నాడు. ఇంకో ఇసుమంత. అందరి కళ్ళూ ఆ చేతుల మీదే, తాళం వైపు చూసేదెవరు? జనం ఈలలు వేస్తున్నారు. అతని భుజాలు పైకి లేచాయి. మోచెయ్యి పక్కటెముకలకి దూరమైంది. జీడాకు ఉండి ఉంటే ఈపాటికి జారిపోయేదని నాకు అనిపించింది, అంటే నేనంత తెలివితోనే ఉన్నాను, పూనకం కాదు, పొరపాటు కాదు, వెనక్కి లాగే వీలుండి కూడా, అతను ఒక్కసారి నా వైపు తిరిగి కళ్ళతోనే ఆపమని అడిగినా కూడా, నా తాళాల వైపు చూసుకుంటూ ఇంకా తోశాను. అతని కుడిచెయ్యి బిగుసుకుపోయింది. వేళ్ళు ముడుచుకున్న కోడికాలిలా తోలు మీద ఆగిపోయాయి. పాట తెగింది.

షామియానా వెనక్కి వచ్చాక అతనన్నాడు, “తప్పు నాదే బావ. నీ తాళం అందుకోలేకపోయాను.”

నేను అతని భుజం మీద చెయ్యి వేశాను. తాళం తోసిన పాపం కన్నా ఆ చెయ్యి వేసిన పాపమే పెద్దదేమో.

అక్కడితో ఆగినా బాగుండేది. ఊరికెళ్ళాక ఏం జరిగిందని అందరూ నన్నే అడిగారు. కత చెప్పడం నాకొచ్చిన ఒకే విద్య. ఆ జోరుకి తోలు కమిలి వాసనొచ్చిందన్నాను. అంత అతిశయం అమ్మవారికి నచ్చక, తనే వచ్చి వేళ్ళు పట్టుకుందన్నాను. కత సోంపేట చేరేసరికి అమ్మవారి గాజుల చప్పుడు విన్నవాళ్ళు కూడా తయారయ్యారు. తవిటయ్య తల్లి హడలిపోయి, ఇక డోలక్ ముట్టనని కొడుకు చేత ఒట్టు వేయించుకుంది. చెయ్యి మర్నాటికే బాగైంది. ఒట్టు ఉండిపోయింది. ఇప్పుడతను పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు.

ఇదంతా నాతోపాటే కాలిపోతుందనుకున్నాను. ఈమధ్య అతని కూతురు హేమ ఫోన్ చేసింది. కాలేజీలో డోలక్ నేర్చుకుందట, బృందంలోకి తీసుకుంటామన్నారట. నాన్న వద్దంటున్నాడట. మనింటి చేతులకి అమ్మోరి ఆన ఉందంటున్నాడట. “మావా, ఆ రోజు నువ్వు పక్కనే ఉన్నావు కదా, నువ్వు సెప్పు,” అంది.

పలాస వెళ్ళాను. అతని ముందు కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. అమ్మవారు రాలేదు, నేనే తరిమానన్నాను. తవిటయ్య పకపకా నవ్వాడు.

“కత బాగా కట్టావు బావ. పిల్ల కోసమేటి?”

ఒట్టు వేశాను. ఇంకా నవ్వాడు. నా ఒట్లు అతనికి తెలియనివా?

హేమని డోలక్ తెమ్మన్నాను. భజన రోజుల నాటి ఓ జత తాళాలు ఆ ఇంట్లో ఇంకా గోడకి వేలాడుతున్నాయి. తీశాను. తవిటయ్య గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. పిల్ల చెయ్యి మంచిది, మోచెయ్యి కదలడం లేదు. జోరందుకుంది. నిలబెట్టాల్సిన చోటు వచ్చింది. ఆనాడు తోసినట్టే, ఇసుమంత తోశాను. ఇంకో ఇసుమంత. పిల్ల భుజం లేచింది.

తవిటయ్య వీపు కదిలింది. ఇటు తిరిగాడు. కూతురి చేతుల వైపు చూడలేదు. తాళాల వైపు చూశాడు. నవ్వు లేదు.

నేను ఆపేశాను. అతను లేచి వచ్చి నా చేతుల్లోంచి తాళాలు తీసుకున్నాడు. నా ముఖం చూడలేదు. కూతురి ముందు కూర్చున్నాడు.

“మళ్ళీ మొదలెట్టమ్మా. నెమ్మదిగా. తాళం నానేత్తాను.”

నన్ను ఉండమనలేదు, పొమ్మనలేదు. క్షమించమని నేనూ అడగలేదు. గుమ్మం బయట చెప్పులు వేసుకుంటుంటే తాళం వినిపించింది. ఎక్కడా జరగకుండా నిలబడి ఉంది.

ఇప్పుడు టీకొట్టు దగ్గర ఎవరైనా ఆ అమ్మవారి కత అడిగితే ఇదే చెబుతున్నాను. రక్తి కట్టలేదంటారు, సగంలోనే లేచిపోతారు. పోనీ. చెబుతున్నంతసేపూ ఊపిరి సాఫీగా ఆడుతుంది.